వస్వసా: అది భక్తికి పరాకాష్ఠ కాదు, విశ్వాసానికి లోపమూ కాదు

అజాన్ వినిపించి అరగంట దాటినా స్నానాలగదిలో కుళాయి ఆగని ఇళ్లు మన సమాజంలో ఉన్నాయి. లోపల ఉన్నది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల యువతి కావచ్చు, కళాశాలలో చదివే యువకుడు కావచ్చు. మోచేతి దగ్గర వెంట్రుకవాసి చోటు తడవలేదేమోనన్న శంకతో వుజూ మళ్లీ మొదలవుతుంది. అది ముగిసేసరికి బట్టలపై చుక్క పడిందేమోనన్న మరో శంక పుడుతుంది. ఎట్టకేలకు జానమాజ్ మీద నిలబడి చేతులు కట్టుకుంటే, నియ్యత్ సరిగా కుదరలేదని మనసు పోరుతుంది. కట్టిన చేతులు విప్పి మళ్లీ తక్బీర్ చెప్పాలి. వేళ్లు నాని చర్మం పగులుతుంది, నమాజ్ వేళ కూడా దాటిపోతుంది. ఆ తర్వాత మిగిలేది ఏడుపు ఒక్కటే.

ఈ స్థితిని చూసిన బంధువులు సాధారణంగా రెండు మాటలలో ఒకటి అంటారు. కొందరు, మాషా అల్లాహ్, ఎంత నిష్ఠ అని మెచ్చుకుంటారు. మరికొందరు, ఈమాన్ బలహీనపడింది కాబట్టే శైతాన్ ఆడిస్తున్నాడని నిందిస్తారు. మెప్పు వ్యాధికి పందిరి వేస్తుంది. నింద రోగిని నోరు విప్పకుండా చేస్తుంది. ఆమె స్థితి భక్తికి పరాకాష్ఠ కాదు, విశ్వాసానికి లోపమూ కాదు. అది పేరున్న, కారణాలున్న, చికిత్స ఉన్న ఒక వ్యాధి. ఈ నెల మా శీర్షికలో చెప్పదలచుకున్నది ఇదే. ఆ చికిత్సకు మన షరీఅత్ అడ్డు నిలవడం లేదని, పైగా దారి చూపుతున్నదని కూడా ఇందులో వివరిస్తాము.

ఆందోళన ఎప్పుడు వ్యాధి అవుతుంది?

భయం, దిగులు మానవ సహజాలు. పసికందును నదిలో విడిచిన మూసా (అలై) తల్లి హృదయం ఎంత శూన్యమైపోయిందో దివ్య ఖుర్‌ఆన్ అల్ ఖసస్ సూరాలో తెలుపుతుంది. కుమారుని ఎడబాటుతో యాఖూబ్ (అలై) కన్నులు తెల్లబడిన సంగతి యూసుఫ్ సూరాలో ఉంది. ఒకరు ప్రవక్త, మరొకరు అల్లాహ్ వాగ్దానాన్ని అందుకున్న మాత. వారి వేదన విశ్వాసం లేకపోవడం వల్ల పుట్టిందని ఎవరూ అనరు. దైవప్రవక్త (స) స్వయంగా దిగులు నుండి, దుఃఖం నుండి అల్లాహ్ శరణు వేడేవారని సహీహ్ బుఖారీ తెలుపుతుంది. దిగులు పడడమే పాపమైతే ఆ దుఆ మనకు నేర్పబడేది కాదు.

అయితే కారణానికి తగినంత వచ్చి, కారణం తీరగానే తగ్గే ఆందోళన వేరు. కారణం లేకుండానే వచ్చి, లేదా చిన్న కారణానికి కొండంతగా పెరిగి, నెలల తరబడి నిద్రను, చదువును, సంసారాన్ని, ఆరాధనను దెబ్బతీసే ఆందోళన వేరు. వైద్యులు ఆందోళనా రుగ్మతలు అనేది ఈ రెండవదానిని. 2019లో ప్రపంచవ్యాప్తంగా 30 కోట్లకు పైగా ప్రజలు వీటితో బాధపడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పురుషులకంటే స్త్రీలలో ఇవి ఎక్కువ.

వీటికి రూపాలు అనేకం. కొందరికి రేపు ఏమవుతుందోనన్న చింత రోజంతా వదలదు. గల్ఫ్‌లో ఉన్న భర్త ఫోన్ పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, అపాయమే జరిగిందని గుండె జారిపోతుంది. కొందరికి ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరి అందక, చేతులు తిమ్మిరెక్కి, ప్రాణం పోతున్నట్టే అనిపిస్తుంది. ఆసుపత్రికి పరుగెత్తితే ఈసీజీ బాగానే ఉంటుంది. కొందరు నలుగురిలో మాట్లాడవలసి వస్తుందని పెళ్లిళ్లకే వెళ్లరు. మొదట చెప్పిన వుజూ బాధ ఓసీడీ అనే వ్యాధికి సంబంధించినది. అమెరికా మానసిక వైద్యుల గ్రంథం 2013 నుండి దీనిని ఆందోళనా రుగ్మతల నుండి విడదీసి ప్రత్యేక వర్గంలో చేర్చింది. అయినా దానిని నడిపించే ఇంధనం ఆందోళనే. మన ఇళ్లలో ధర్మం ముసుగు వేసుకుని వస్తుంది కనుక దానిని గుర్తించడం మరింత కష్టం. అందుకే ఈసారి దాని గురించే వివరంగా చెప్పుకుందాం.

సందేహం వడ్డీకి తెచ్చిన అప్పు

ఈ వ్యాధికి రెండు అంగాలున్నాయి. ఒకటి, వద్దన్నా మనసులో చొరబడే ఆలోచన: చేయి తడవలేదు, బట్ట పాక్ కాలేదు, నోట తప్పు మాట దొర్లింది అని. రెండవది, ఆ ఆలోచన రేపిన కలవరాన్ని చల్లార్చుకోవడానికి చేసే పని: మళ్లీ కడగడం, మళ్లీ చదవడం, మళ్లీ అడగడం.

మళ్లీ కడిగితే కాసేపు ఉపశమనం దొరుకుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఆ ఉపశమనం వడ్డీకి తెచ్చిన అప్పు వంటిది. ఈ పూట గడుస్తుంది గానీ, రేపటికి బాకీ పెరుగుతుంది. కడిగాను కాబట్టే గండం తప్పిందని మెదడు పాఠం నేర్చుకుంటుంది. మరుసటిసారి శంక మరింత గట్టిగా వస్తుంది, కడగవలసిన సంఖ్య పెరుగుతుంది. మూడుసార్లతో తృప్తి పడిన మనసు పది అడుగుతుంది, పదికి అలవాటు పడి ముప్పై అడుగుతుంది. నూటికి నూరుపాళ్ల నిశ్చయం కావాలని అది కోరుతుంది. ఆ నిశ్చయం ఏ మానవునికీ సాధ్యం కాదు.

ఈ వ్యాధి ఎక్కువగా కౌమారంలోనో, యౌవనారంభంలోనో తలెత్తుతుంది. మన పిల్లలపై నమాజ్ విధి అయ్యే వయసు, ఆడపిల్లలు పాకీ నియమాలు నేర్చుకునే వయసు కూడా అదే. అందుకే ధర్మాచరణ వల్లే ఈ జబ్బు వచ్చిందని కొందరు పొరబడతారు. నిజానికి మనిషి దేనిని అమూల్యంగా భావిస్తాడో దానినే ఈ వ్యాధి పట్టుకుంటుంది. పొరుగున ఉన్న హిందూ కుటుంబంలో అది మడి ఆచారం రూపంలో కనిపించవచ్చు. దేవుణ్ణి నమ్మనివారిలో తాళం వేశానా, గ్యాస్ కట్టానా అన్న శంకగా, రోగక్రిముల భయంగా రావచ్చు. లోపల ఉన్న జబ్బు మాత్రం ఒక్కటే.

వెయ్యేళ్ల క్రితం గుర్తించిన పెద్దలు

మనోవ్యాధి అనే మాట పాశ్చాత్యుల నుండి అరువు తెచ్చుకున్నదని భావించేవారు మనలో ఉన్నారు. క్రీస్తుశకం తొమ్మిదవ శతాబ్దంలో, నేటి అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతంలో జన్మించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే విద్వాంసుడు శరీర క్షేమం, ఆత్మ క్షేమం అనే రెండు భాగాలతో ఒక వైద్య గ్రంథం రచించారు. ఆయన 934లో మరణించారు. ఆ గ్రంథంలోని రెండవ భాగంలో ఆయన మనసును పీడించే స్థితులను నాలుగుగా విభజించారు: కోపం, భయం, దుఃఖం, వస్వసా. దేహానికి వ్యాధులు వచ్చినట్టే మనసుకూ వస్తాయని, దేహానికి చికిత్స చేసినట్టే మనసుకూ చేయాలని ఆయన బోధించారు.

ఆయన సూచించిన ఉపాయాలు నేటికీ పనికివస్తాయి. వస్వసాతో బాధపడేవారు ఒంటరితనాన్ని, ఊరక కూర్చోవడాన్ని విడిచిపెట్టాలని ఆయన చెప్పారు. ఒంటరిగా ఉన్నప్పుడు మనసు తన ఆలోచనలనే నమిలి నమిలి పెద్దవి చేసుకుంటుంది. అత్యవసర సమయానికి ఇంట్లో మందులు నిల్వ ఉంచుకున్నట్టుగా, మనసు నిమ్మళంగా ఉన్న వేళలోనే మంచి ఆలోచనలను సిద్ధం చేసి ఉంచుకోవాలని, కలవరం వచ్చినప్పుడు వాటిని వాడుకోవాలని సలహా ఇచ్చారు.

ధర్మవేత్తలు సైతం ఈ బాధను ఎరుగుదురు. బగ్దాద్‌కు చెందిన ఇమామ్ ఇబ్నుల్ జౌజీ (రహ్మ) తన ‘తల్‌బీసె ఇబ్లీస్’లో శుద్ధి విషయంలో, నియ్యత్ విషయంలో శంకలకు లోనయ్యేవారి గురించి చర్చించారు. హన్బలీ ఫిఖహ్ మహావిద్వాంసుడు ఇబ్ను ఖుదామా (రహ్మ) వస్వసాను ఖండిస్తూ ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. పదే పదే కడగడాన్ని వారు భక్తిగా లెక్కించలేదు, సున్నత్ నుండి తొలగిపోవడంగా చూశారు. మాషా అల్లాహ్ అని మెచ్చుకునే బంధువులు గమనించవలసిన విషయమిది.

షరీఅత్ ఇచ్చిన వెసులుబాటు

దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ ముగించేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ముద్ అంటే రెండు చేతుల దోసిలి పట్టేంత కొలత. నేటి లెక్కలో లీటరుకు అటూ ఇటూ. ఒక పల్లెవాసి వచ్చి వుజూ గురించి అడిగినప్పుడు ఆయన ఒక్కో అవయవాన్ని మూడుసార్లు కడిగి చూపించి, ఇంతకు మించి చేసినవాడు హద్దు మీరినట్టేనని హెచ్చరించారని అబూ దావూద్, నసాయీ గ్రంథాలలో ఉంది. మూడు దాటి నాలుగవసారి కడగాలని మనసు తొందరపెడితే, ఆ తొందర ధర్మం నుండి రావడం లేదని ఈ హదీసు మనకు తేల్చిచెబుతుంది.

నమాజ్‌లో ఉండగా వుజూ భంగమైందేమోనన్న అనుమానం వచ్చినవారి గురించి ఆయనను అడిగారు. శబ్దం వినేదాకా లేదా వాసన తెలిసేదాకా నమాజ్ విడిచి వెళ్లవద్దని ఆయన సెలవిచ్చారు. సందేహం నిశ్చయాన్ని తొలగించజాలదన్న మూలసూత్రానికి ఫుఖహాలు ఆధారంగా తీసుకున్న ప్రసిద్ధ హదీసులలో ఇదొకటి. వుజూ చేసిన మాట నిశ్చయం, భంగమైందన్నది శంక. కాబట్టి నిశ్చయమే నిలుస్తుంది. ఇక శంకలు అదేపనిగా వచ్చేవారు వాటిని లెక్కచేయకుండా ముందుకు సాగిపోవాలని ధర్మవేత్తలు చెప్పారు. పట్టించుకోకపోవడమే ఆ రోగికి షరీఅత్ సూచించే మార్గం.

ఉస్మాన్ బిన్ అబుల్ ఆస్ (రజి) అనే సహాబీ ఒకసారి, శైతాన్ తనకూ తన నమాజ్‌కూ మధ్య అడ్డుపడి ఖుర్‌ఆన్ పారాయణాన్ని తికమక చేస్తున్నాడని మొరపెట్టుకున్నారు. అల్లాహ్ శరణు వేడి, ఎడమవైపుకు మూడుసార్లు తేలికగా ఉమ్మినట్టు చేయమని దైవప్రవక్త (స) ఆయనకు నేర్పారు. తాను అలా చేయగా ఆ బాధ తొలగిందని ఆ సహాబీ చెప్పినట్టు సహీహ్ ముస్లింలో ఉంది. నమాజ్‌ను తిరిగి మొదలుపెట్టమని ఆయనకు ఆదేశం రాలేదన్నది ఇక్కడ గమనించాలి. సహాబీ నోట ఇటువంటి బాధ విన్నప్పుడు ఆయన (స) నిందించలేదన్నదీ గమనించాలి.

శైతాన్ ప్రేరణ ఉన్నదని మనం నమ్ముతాము. అందరికీ అప్పుడప్పుడు కలిగే ఆ ప్రేరణ అవూజు చదివి ముఖం తిప్పుకుంటే తొలగుతుంది. ఎంత శరణు వేడినా తొలగక, రోజుకు గంటల తరబడి సమయాన్ని మింగేస్తూ, బతుకును చిన్నాభిన్నం చేస్తుంటే అక్కడ వ్యాధి కూడా ఉన్నదని గ్రహించాలి. శరణు వేడటం మానవద్దు, వైద్యుణ్ణి చూడటమూ మానవద్దు. అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందు సృష్టించాడు గనుక చికిత్స చేయించుకోమన్న ప్రవక్త (స) ఆదేశం మనోవ్యాధులను మినహాయించలేదు.

చికిత్స ఎలా ఉంటుంది?

చికిత్సకు రెండు మార్గాలున్నాయి. అవసరాన్ని బట్టి ఒకటి గానీ, రెండూ గానీ వైద్యులు సూచిస్తారు. మొదటిది సంభాషణ, సాధనలతో కూడిన చికిత్స. ఇందులో శంకను ఎదురుగా రానిచ్చి, అది కోరే పనిని చేయకుండా నిలబడటం క్రమక్రమంగా అభ్యాసం చేయిస్తారు. ఒక లోటా నీరు కొలిచి పెట్టుకుని, దానితో ఒక్కసారే వుజూ చేసి, మనసు ఎంత గోల పెట్టినా తిరిగి కడగకుండా నమాజ్‌కు నిలబడాలి. మొదటి రోజులలో గుండె దడ, చెమట, నమాజ్ చెల్లలేదేమోనన్న భయం అన్నీ వస్తాయి. వాటికి లొంగకుండా నిలిస్తే ఆ కలవరం దానంతట అదే అల వలె లేచి పడిపోతుంది. కొన్ని వారాల అభ్యాసంతో అల ఎత్తు తగ్గుతుంది. కడగకపోయినా ఏమీ కాలేదని మెదడు కొత్త పాఠం నేర్చుకుంటుంది.

మరొకసారి చదివి చూడండి: కొలిచిన నీరు, ఒక్క వుజూ, శంకను లెక్కచేయక నమాజ్ కొనసాగించడం. వైద్యులు అభ్యాసం చేయించేది, షరీఅత్ ఆదేశించేది ఇక్కడ ఒక్కటే. చికిత్స పేరుతో ధర్మం విడిచిపెట్టమంటారేమోనన్న భయం అక్కరలేదు. మన ఆరాధన నియమాలు తెలియని వైద్యులైతే వాటిని మనమే వివరించాలి; ధర్మం ఎంత కోరుతున్నదో తెలిస్తే, వ్యాధి ఎంత అదనంగా కోరుతున్నదో వారికి అర్థమవుతుంది.

రెండవది మందులు. మెదడులోని సెరటోనిన్ అనే రసాయనంపై పనిచేసే మాత్రలను దీనికి ఎక్కువగా వాడతారు. ఇవి జ్వరం మాత్రల వలె పూటలో పనిచేయవు. ఓసీడీలో ఫలితం స్పష్టంగా కనిపించడానికి ఎనిమిది నుండి పన్నెండు వారాలు కూడా పట్టవచ్చు. పది రోజులు వాడి గుణం లేదని మానేయడం, కాస్త తగ్గగానే చెప్పకుండా ఆపేయడం మన ఇళ్లలో తరచుగా జరిగే పొరపాట్లు. ఈ మాత్రలు మత్తుమందులు కావు, వ్యసనంగా మారేవీ కావు. అయితే హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, చికాకు వంటి ఇబ్బందులు రావచ్చు కనుక వైద్యుల సలహాతో మెల్లగా తగ్గించుకోవాలి. అలవాటుగా మారే ప్రమాదం ఉన్నవి వేరు: టెన్షన్ తగ్గుతుందని, నిద్ర పడుతుందని చెప్పి మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనే మాత్రలు. వాటి జోలికి స్వయంగా పోవద్దు.

రంజాన్‌లో ఉపవాసం కోసం మందులు మానేవారు కొందరున్నారు. రోజుకు ఒకటి రెండుసార్లు వేసుకునే మాత్రలను చాలావరకు సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చుకోవచ్చు. రంజాన్‌కు కొన్ని వారాల ముందే వైద్యుణ్ణి అడగాలి. మార్చడానికి వీలుకాని స్థితి ఉంటే, రోగికి దివ్య ఖుర్‌ఆన్ ఇచ్చిన మినహాయింపు మనసు జబ్బుకూ వర్తిస్తుందా అని మీ ఆలిమ్‌ను సంప్రదించండి. వ్యాధి ఎంత తీవ్రమో వైద్యుల నోట వారికి తెలియజేయండి.

ఇంటివారు చేయవలసినది

ఈ వ్యాధి ఒకరికి వచ్చినా ఇంటిల్లిపాదీ దానికి ఊడిగం చేస్తుంటారు. ‘అమ్మీ, నేను తల మసహ్ చేశానా?’ అని కూతురు అడుగుతుంది. చేశావమ్మా అని తల్లి జవాబిస్తుంది. రెండు నిమిషాలకు అదే ప్రశ్న మళ్లీ వస్తుంది. ‘బాజీ, ఈ దుప్పటి పాక్‌గా ఉందా?’ అని తమ్ముడు అక్కను వేధిస్తాడు. ఆమె విసిగి దుప్పటి మళ్లీ ఉతుకుతుంది. ప్రేమతో ఇచ్చే ఈ భరోసా సైతం ముందు చెప్పిన వడ్డీ అప్పే. రోగి తానుగా కడిగితే ఎంత నష్టమో, మనం జవాబు చెబితే అంతే నష్టం.

అలాగని ఒక్కరోజులో మౌనం వహించి ముఖం తిప్పుకోకూడదు. రోగి స్థిమితంగా ఉన్న వేళ కూర్చోబెట్టి, ఇకపై మేము ఇలా చేస్తాము అని ముందుగా ఒప్పందం చేసుకోవాలి. ప్రశ్న వచ్చినప్పుడు, ‘ఇది నీ ప్రశ్న కాదు, జబ్బు అడిగే ప్రశ్న. దానికి జవాబు చెప్పను గానీ, నీ పక్కనే కూర్చుంటాను’ అనాలి. రోజుకు ఒక నమాజ్‌తో మొదలుపెట్టి, కుదిరిన తర్వాత రెండవదానికి వెళ్లాలి. ఎగతాళి వద్దు, తలుపు బాదడం వద్దు, చుట్టాల ముందు ప్రస్తావించడం వద్దు. పెళ్లి చేస్తే అదే పోతుందనే పెద్దల మాట వినవద్దు. పెళ్లి మందు కాదు. ఆ మాట నమ్మితే రెండు కుటుంబాలు కష్టపడతాయి.

ఆలిమ్‌ల విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. ఈ వ్యాధి ఉన్నవారు ఒకే మసలాను ముగ్గురు ముఫ్తీలను అడుగుతారు, ఆపై రాత్రంతా ఫోన్‌లో ఫత్వాలు వెతుకుతారు. అది జ్ఞానాన్వేషణ కాదు, చేయి కడగడానికి మరో రూపం. నమ్మకమైన ఒక్క ఆలిమ్‌ను ఎంచుకుని, వ్యాధి సంగతి దాచకుండా చెప్పి, ఒకసారి జవాబు తీసుకుని అక్కడితో ఆగాలి. ఆ ఆలిమ్ సైతం ఎదుటివారి స్థితి తెలిసి మాట్లాడటం ముఖ్యం. నిర్లక్ష్యంగా ఉన్నవానికి చేసే హెచ్చరిక, భయంతో కుంగిపోయినవానికి విషమవుతుంది.

నోట చెప్పుకోలేని ఆలోచనలు

వుజూ, నమాజ్‌ల శంకలైనా బయటికి కనిపిస్తాయి. కనిపించకుండా లోలోపల దహించేవి మరికొన్ని ఉన్నాయి. అల్లాహ్ గురించి, ప్రవక్త (స) గురించి అపచారపు ఆలోచనలు మనసులో మెరుస్తాయి. తన నుండి కుఫ్ర్ మాట వెలువడిందేమోనని, భార్యకు తలాఖ్ చెప్పేశానేమోనని కొందరు పురుషులు నెలల తరబడి కుమిలిపోతారు. వీరు ఎవరికీ చెప్పుకోలేరు.

సహాబాలలో కొందరు ఒకసారి ఆయన (స) వద్దకు వచ్చి, నోటితో పలకడానికి కూడా సాహసించలేనంత ఘోరమైన తలంపులు మాకు వస్తున్నాయని విన్నవించుకున్నారు. అలా వెరవడం స్పష్టమైన విశ్వాసమని ఆయన వారిని ఊరడించారని సహీహ్ ముస్లిం తెలుపుతుంది. దొంగ ఖాళీ ఇంటికి కన్నం వేయడు. ఆలోచనను చూసి మీరు కంపిస్తున్నారంటేనే అది మీది కాదని అర్థం. మనసులో మెదిలే తలంపులను, పలకనంత వరకు లేదా ఆచరించనంత వరకు, అల్లాహ్ ఈ ఉమ్మత్‌కు మన్నించాడని బుఖారీ, ముస్లింలలో స్పష్టంగా ఉంది.

బాలింతల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బిడ్డను చేజార్చుతానేమో, కత్తితో గాయపరుస్తానేమో అన్న భయంకరమైన తలంపులు కొందరు కొత్త తల్లులకు వస్తాయి. వాటికి హడలి బిడ్డను ఎత్తుకోవడమే మానేస్తారు. ఇది కూడా ఈ వ్యాధి రూపమే కావచ్చు. ఆమె క్రూరురాలు కాదు. అత్తగారైనా, ఖాలా అయినా ఆమెను నిందించకుండా వైద్యం చేయించాలి. అయితే బాలింత నిద్ర లేకుండా, లేనివి వింటూ, బిడ్డకు హాని చేయడమే సరైనదని నమ్ముతూ మాట్లాడితే అది వేరే వ్యాధి. ఆలస్యం చేయకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చనిపోవాలన్న మాట ఎవరి నోట వచ్చినా అంతే.

సంకెళ్లు కాదు, చేయూత

ఖుర్‌ఆన్ ఆయతులతో, దుఆలతో రుఖ్యా చేయడం మనకు సమ్మతమే. అది మనసుకు సాంత్వన. ఆ పేరుతో వేలకు వేలు గుంజి, మందులు ఆపించి, రోగిని కొట్టి, కట్టివేసే ఆమిల్‌ల దగ్గరకు వెళ్లడం మాత్రం మరో సంగతి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన నడిచే ఒక ప్రైవేటు ఆశ్రయంలో నిప్పంటుకుంది. సంకెళ్లతో కట్టివేయబడిన మనోరోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది సజీవ దహనమయ్యారు. స్వస్థత దొరుకుతుందని వారిని అక్కడ విడిచి వచ్చినది సొంత కుటుంబాలే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోరోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఇతర వ్యాధులకు వర్తించినట్టే మనోవ్యాధుల చికిత్సకూ ఆరోగ్య బీమా వర్తింపజేయాలని కూడా ఆ చట్టమే ఆదేశించింది.

మన ఊళ్లలో ఎర్రగడ్డ అన్న మాటను తిట్టుగా వాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల వేలాది కుటుంబాలకు వైద్యం అందించిన సంస్థలు. బోధనాసుపత్రులలోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఇల్లు కదలలేనివారు, ఎవరికీ తెలియకూడదనుకునేవారు టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ ఉచిత సేవ రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. మొదటిసారి వైద్యుణ్ణి కలిసినప్పుడు ఎప్పుడు మొదలైంది, రోజుకు ఎంత సమయం పోతున్నది, ఏయే పనులు ఆగిపోయాయి అన్న మూడు సంగతులు కాగితం మీద రాసుకుని వెళ్లండి. సిగ్గుతో నోరు పెగలకపోతే ఆ కాగితమే అందించండి.

పూర్తిగా నయమవుతుందా అని అడిగేవారుంటారు. చాలామందికి బాగా తగ్గుతుంది. కొందరికి చక్కెర వ్యాధి, రక్తపోటు వలె అదుపులో ఉంటూ, పరీక్షల వేళో, ప్రసవం తర్వాతో, ఆప్తుల మరణంతోనో మళ్లీ తల ఎత్తుతుంది. మళ్లీ రావడం ఓటమి కాదు. నేర్చుకున్న అభ్యాసాన్ని మళ్లీ మొదలుపెట్టాలి, అంతే. ఒక లోటా నీరు, ఒక్క వుజూ, విప్పకుండా కట్టిన చేతులు. ఆరోగ్యవంతునికి అది అలవాటు. ఈ రోగికి ప్రతి పూటా ఒక జిహాదే. ఆ పోరాటాన్ని మనుషులు గుర్తించకపోవచ్చు, అల్లాహ్ ఎరుగును.

మస్జిద్‌లో రెండు స్తంభాల మధ్య ఒక తాడు కట్టి ఉండగా దైవప్రవక్త (స) చూశారు. నమాజ్‌లో అలసినప్పుడు పట్టుకోవడానికి జైనబ్ (రజి) కట్టుకున్నారని ఎవరో చెప్పారు. దానిని విప్పేయమని ఆయన ఆదేశించారు. ఓపిక ఉన్నంతసేపు నమాజ్ చేయాలి, అలసిపోతే కూర్చోవాలి అన్నారు. మన ఇంట్లో ఏ బిడ్డ అయినా తన చుట్టూ అటువంటి తాడు బిగించుకుని ఊపిరాడక ఉంటే, దానిని విప్పడం మన బాధ్యత. ఆరాధనను తన దాసులకు సులభం చేసిన అల్లాహ్, కలవరపడే ప్రతి హృదయానికీ శాంతిని, వారి కుటుంబాలకు ఓర్పును, చికిత్స చేసే చేతులకు శుభాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.